గంజి కుండ పక్కన ఆరోగ్య సభ

తిరువళ్ళూరు జిల్లా మొత్తంలో ఒకే ఒక్క ఉపన్యాసంతో వెయ్యి మందిని కదిలించి, వెళ్ళిపోబోతున్న మందుల వ్యానును నిలబెట్టి, ఒక మనిషి కాలును కాపాడిన హెల్త్ ఇన్‌స్పెక్టరు ఎవరంటే, నేనే. రిటైరయ్యాక ఈ సంగతి నేను చెప్పుకోకపోతే చెప్పేవాళ్ళు లేరు. మా ఆవిడ ఉంది గానీ, ఆమె నా గురించి చెప్పే సంగతులు వేరు.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను కాబట్టి మొదటి పేరాలోనే మిమ్మల్ని మోసం చేయడం బాగుండదు. వెయ్యి మంది లేరు. ఆ వీధిలో మనుషులతో పాటు మేకల్నీ, కోళ్ళనీ, గోడల మీది బల్లుల్నీ కలుపుకున్నా వెయ్యి కారు. ఒక వీధి జనం అనుకోండి. మిగిలినదంతా నిజం. దాదాపు.

నా ఆఖరి పోస్టింగు ఆర్.కె.పేట వైపు. ఇల్లు తిరుత్తణిలో. టౌను బస్సులో పోయి వచ్చేవాణ్ణి. మా ఆరోగ్య కేంద్రం కింద, తమిళనాడులోనే అయినా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే ఒక నేతగాళ్ళ వీధి ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ పవర్‌లూముల మోతతో చెవులు పోగొట్టుకుంటుంటే, ఆ వీధిలో మాత్రం గుంట మగ్గాలు ఇంకా మిగిలి ఉన్నాయి. గుంట మగ్గం చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇంట్లోనే నేల తవ్వి గుంట చేస్తారు. నేసే మనిషి ఆ గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తాడు. గుమ్మంలో నిలబడి పలకరించేవాళ్ళకు నడుం పైభాగమే కనిపిస్తుంది. నేను ఏళ్ళ తరబడి ఆ వీధిలో అందరినీ పేరు పెట్టి పలకరించాను. సగం సగం మనుషుల్నే పలకరించానని తర్వాత తెలిసింది.

నెలకు రెండుసార్లు మందుల వ్యాను ఆ వీధి మొదట్లో ఆగేది. బీపీ చూసి, సుగర్ చూసి, మాత్రలిచ్చి పోయేది. వచ్చేవాళ్ళు తక్కువ. రానివాళ్ళు ఎందుకు రావడం లేదని అడగడం నా పని. నేను అడగలేదు. వ్యాను లోపల ఫ్యాను ఉండేది.

అలాంటి రోజుల్లో తిరువళ్ళూరు నుంచి ఒక కొత్త ఆఫీసరు వచ్చింది. చిన్న వయసు డాక్టరు. మేమంతా మేడం అనేవాళ్ళం. వైద్యం అందరికీ సమానంగా అందుతోందా, అందనిది ఎవరికి, వాళ్ళకేం కావాలి అని ఆఫీసులో కూర్చుని మనం ఊహించకూడదట. జనాన్ని కూర్చోబెట్టి, వాళ్ళ నోటితోనే చెప్పించుకోవాలట. ఆమెకు ఆ మాట మీద నమ్మకం ఉండేది. పాపం, నా మీద కూడా ఉండేది. వీధిలో మీటింగు పెట్టే బాధ్యత నాకప్పగించింది.

నేను బ్రహ్మాండంగా పెట్టాను. ఊరి కమ్యూనిటీ హాల్లో, పగలు పదకొండు గంటలకు, మైకు, బ్యానరు, వచ్చినవాళ్ళకు శనగ గుగ్గిళ్ళు. వచ్చినవాళ్ళు ఎవరంటే, మగ్గం మానేసిన ముసలివాళ్ళు కొందరు గుగ్గిళ్ళ వాసనకు వచ్చారు. ఒకాయన ఇంటి పట్టాలు ఇస్తారనుకుని ఫోటో తెచ్చుకుని వచ్చాడు. మూడు మేకలు వచ్చాయి. అవి మాత్రం చివరిదాకా ఉన్నాయి. నేతగాడికి పగటి వెలుతురే కూలి అని, పదకొండు గంటలకు మగ్గం దిగి వచ్చేవాడికి ఆ పూట అన్నం తక్కువ పడుతుందని నాకు తెలియక కాదు. నేనూ ఆ కులంలో పుట్టినవాణ్ణే. గవర్నమెంటు ఉద్యోగం వచ్చాక పదకొండు గంటలనేది టీ తాగే సమయంగా మారిపోయింది, అంతే.

మేడం లేచి తమిళంలో అడిగింది. ఈ సభకు రావాలనుకుని కూడా రాలేకపోయినవాళ్ళు ఎవరు, వాళ్ళ గురించి తెలుసుకోవాలి అంది. నేను మైకు అందుకుని తెలుగులోకి మార్చాను.

"రాలేనివాళ్ళంతా చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. రాలేనివాళ్ళు ఎవరూ లేరు మేడం, అని నేను తమిళంలో సంతోషంగా చెప్పాను. మేడం నా వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో మెచ్చుకోలు ఉందనుకున్నాను.

మా ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఆ పక్కనే నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకు నాలుక పదును. పని కూడా పదునే. తిరిగి వచ్చేటప్పుడు మేడం మాకిద్దరికీ చెప్పింది: పూండి చెరువు పక్క పల్లెలకు బస్సు సరిగా లేదు, అక్కడివాళ్ళు వ్యాను కావాలని అడుగుతున్నారు. ఇక్కడ జనమే రానప్పుడు దాన్ని అటు పంపడం న్యాయం. ఇంకొక్కసారి మీటింగు చూస్తాను, ఆ తర్వాత తేల్చేస్తాను. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే నాకు బాగుండేది, పోట్లాడేవాణ్ణి.

మేడం జీపెక్కి పోయాక నర్సమ్మ నన్ను ఆపింది. వీధి నడుమ ఒక అక్క ఉండేది. మొగుడు పోయినాక ఒంటరిగా నేసుకుని బతికే మనిషి. వీధికంతా ఆమే పెద్ద దిక్కు. వయసులో నాకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్క అనే పిలుస్తారు.

"సార్, ఆ అక్క ఇంట్లో చెప్పులేసుకుని తిరగతా ఉంది" అంది నర్సమ్మ.

"తిరగనీ. నేల చల్లగా ఉంటుందేమో."

"మగ్గం ఉండే ఇంట్లో చెప్పులు యాడన్నా చూసినావా నువ్వు?"

చూడలేదు. మగ్గం దగ్గరికి గానీ, పడుగు దగ్గరికి గానీ మా వాళ్ళు చెప్పుకాలితో పోరు. అన్నం పెట్టేదాన్ని చెప్పుతో తొక్కినట్టు. అలాంటి ఇంట్లో ఆమె చెప్పులేసుకుందంటే పాదానికి ఏదో ఉంది. నర్సమ్మ అడిగితే ఏం లేదు పో అందట. పరీక్ష చేస్తానంటే నాకు సుగరూ లేదు గిగరూ లేదు, పని చూసుకో అందట. తిరుత్తణి పెద్దాసుపత్రికి ఆమె పోదు. పోతే మగ్గం ఆగుతుంది. ఆమెకున్నది ఈ వ్యాను ఒక్కటే. అందులోకీ రావడం లేదు.

"వ్యాను గూడా పోయిందంటే ఆమె కాలు పోతుంది సార్. కాలు పోయినాక మగ్గం యాడ తొక్కేది?"

చేతిలో మిగిలిన గుగ్గిళ్ళ పొట్లం మేకలకు పెట్టేశాను.

రెండో మీటింగుకు నేనొక మహా వ్యూహం పన్నాను. వీధంతా ఒక్కచోట చేరి, ఎవరూ కదలలేని సమయం చూసి మేడంను అక్కడికి తెచ్చాను. నేతగాళ్ళు పడుగుకు గంజి పెట్టే పొద్దున అది. నూలు దారాలను వీధి పొడుగునా చాపలాగా పరిచి, రెండు కొసలా గుంజలకు లాగి కట్టి, కుంచెలతో గంజి రాస్తారు. అది ఆరేదాకా దారానికి దారం అంటుకోకుండా కర్రలతో విడదీస్తూ ఉండాలి. ఇంటికొక మనిషి వచ్చి కర్ర పడతారు. మధ్యలో వదిలితే పడుగు ముద్దయిపోతుంది. అంటే, చేతులు కట్టేసిన శ్రోతలు. ఇంతకంటే మంచి సభ ఏ మంత్రికైనా దొరికిందా?

సరే. వ్యూహం అనేది కొంచెం పెద్ద మాట. మగ్గం ఎక్కేలోపు పొద్దున్నే పెడితే వస్తారు కదా అని మేడంకు ఒక తేదీ చెప్పాను. ఆ వీధిలో ఒక్కరినైనా అడగలేదు. మా జీపు వీధి మలుపు తిరిగేసరికి వీధంతా పడుగు పరిచి ఉంది. సందు లేదు. డ్రైవరు హారను కొట్టాడు. ఒక్కరూ తల తిప్పలేదు. గుంజ దగ్గర నిలబడిన ఒక పెద్దాయన మాత్రం, ఎంత కొట్టినా పడుగు ఎండేది ఎండతోనే గానీ హారనుతో కాదని చెప్పాడు.

మేడం దిగింది. చెప్పులు జీపు దగ్గరే వదిలింది. ఎవరు చెప్పారో, ఎలా తెలుసో, నాకప్పుడు తోచలేదు. పోయి ఒక కర్ర పక్కన నిలబడింది. ఆ కర్ర పట్టుకున్న ఆడమనిషి ఆమెను ఎగాదిగా చూసి, ఊరికే నిలబడేదానికన్నా ఇది పట్టుకో అని కొస చేతిలో పెట్టి, తను కొంగు బిగించుకుంది. అంతే, జిల్లా ఆఫీసరు పడుగుకు బందీ అయింది.

అక్క వీధి పక్కన గంజి కుండ ముందు కూర్చుని ఉంది. గంజి కలిపి గిన్నెలకు పోసి అందించే పని ఆమెది. చీర కుచ్చిళ్ళు నేలంతా పరిచి, కాళ్ళు లోపలికి మడిచి కూర్చుంది. పడుగు దగ్గర చెప్పులుండకూడదు. లేస్తే పాదం కనబడుతుంది. అందుకని ఆ పొద్దున ఎవరెంత చెప్పినా ఆమె ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదట. నర్సమ్మ అటు చూసి నాకు కనుసైగ చేసింది. నేను అర్థమైనట్టు తలూపాను. అర్థం కాలేదు.

మేడం ఈసారి మైకు లేకుండా, కర్ర కదిలిస్తూనే, తమిళంలో మళ్ళీ అదే అడిగింది. ఇక్కడ లేనివాళ్ళు ఎవరు? నేను తెలుగులోకి మార్చడానికి గొంతు సవరించుకునే లోపల జవాబులు వచ్చేశాయి. పడుగు దగ్గర ఆ ప్రశ్నకు జవాబు కళ్ళకే కనిపిస్తుంది. ఇంటికొక మనిషి పట్టాలి కదా, ఎవరైనా రెండు కర్రలు పట్టుకున్నారంటే పక్కింటివాళ్ళు రాలేదని. ఆ ఖాళీ ఫలానా ఇంటిది, ఆయనకు చెయ్యీ కాలూ పడిపోయింది, వ్యాను దాకా నడవలేడు. ఈ ఖాళీ ఇంకొకరిది, కోడలు పచ్చి బాలింత. ఆ చివరి ఇంటి ముసలామెకు కళ్ళు కనపడవు, తోడు వచ్చేవాళ్ళు లేరు, మాత్రలు అయిపోయి పండగ ముందు నుంచి మింగడం లేదు. మేడం వింటూ, కర్ర కదిలిస్తూ, మళ్ళీ అడుగుతూ పోయింది.

నాకు పని లేకుండా పోతోందని నేను మధ్యలో దూరి అనువాదం మొదలుపెట్టాను. వాళ్ళు తెలుగులో చెప్పింది ఆమెకు తమిళంలో, ఆమె తమిళంలో అన్నది వాళ్ళకు తెలుగులో. గుంజ దగ్గరి పెద్దాయన కాసేపు ఓర్చుకున్నాడు.

"సారూ, మేడం చెప్పింది నాకు బాగా తెలస్తా ఉంది. నువ్వు చెప్పిందే తెలవలేదు."

వీధంతా నవ్వింది. నిజమే, ఆ వీధిలో తమిళం రాని నోరు లేదు. బడికి పోయే పిల్లలైతే తెలుగు చదవనే చదవలేరు. అయినా ఉద్యోగి అన్నాక ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలి కదా. ఒకామె, వ్యాను వస్తుంది గానీ ఈ ఇన్‌స్పెక్టరు సారు లోపల ఫ్యాను కింద నిద్రపోతా ఉంటాడు, లేపేదానికి బాధగా ఉండి తిరిగొచ్చేస్తామని తెలుగులో అంది. నేను మేడం వైపు తిరిగి, వ్యానులో వాతావరణం చాలా ప్రశాంతంగా ఉంటుందని చెబుతున్నారు అన్నాను. మేడం తలూపింది. నవ్వలేదు. అంత గొప్ప మనిషి.

ఇక ఆ ఘట్టానికి వస్తాను. ఎండ ఎక్కుతోంది. పడుగు ఆరిపోవస్తోంది. ఆరిందంటే అందరూ మగ్గాలెక్కుతారు, అక్క గబగబా ఇంట్లోకి పోయి గుంటలో కాళ్ళు దించేస్తుంది. ఆ తర్వాత ఏ వ్యానూ ఆమెను బయటికి తేలేదు. అప్పుడు నేను ముందుకు నడిచాను. బూట్లు విప్పాను, ప్రజలకు గౌరవంగా. అక్క ఎదురుగా నేల మీద కూర్చున్నాను, సమానుడిలాగా. కూర్చుని మనసు విప్పి మాట్లాడాను. కాలు ఎంత విలువైనదో, దాచిన పుండు ఎలా తినేస్తుందో, ప్రభుత్వం ఆమె కోసం ఎంత తపిస్తోందో చెప్పాను. వీధి నిశ్శబ్దమైపోయింది. ఆమె కళ్ళు చెమర్చాయి. మెల్లగా కుచ్చిళ్ళు తప్పించి, పాదం ముందుకు చాపింది.

ఆ రోజు తొడుక్కున్న ప్యాంటు ఉతకక ముందు మా పెరట్లో తనంతట తానే నిలబడిందన్న వివరం ఇక్కడ అవసరం లేదు.

చిటికెన వేలు నల్లబడి ఉంది. దాని చుట్టూ పాత చీర గుడ్డ. మేడం కర్ర నర్సమ్మకిచ్చి వచ్చి, గంజి నేల మీదే మోకాళ్ళు ఆనించి, ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు మాట్లాడింది. తెలుగులో.

"ఎన్ని దినాలైందక్కా ఇట్లా?"

మన తెలుగే. చిత్తూరు పక్క యాస. ఆమె తల్లి ఊరు అటేనట. నేను మార్చి చెప్పిన ప్రతి ముక్కా ఆమె మొదటి నుంచీ రెండు భాషల్లోనూ విందన్నమాట. 'రాలేనివాళ్ళంతా చేతులెత్తండి'తో సహా. 'ప్రశాంతం'తో సహా. ఆ సమయంలో అందరూ అక్క కాలు చూస్తున్నారు కాబట్టి బతికిపోయాను.

ఆసుపత్రికి పోదాం రమ్మంటే అక్క రానంది. ఈ పడుగు నాదే, మగ్గానికెక్కించాలి, ఎవరు నేస్తారు, అంది. గుంజ దగ్గరి పెద్దాయన, వీధిలో మగ్గాలన్నీ చచ్చిపోయినాయా, తలా ఒక పూట కూర్చుంటాములే అన్నాడు. పక్కింటి కర్ర కూడా కలిపి రెండు పట్టుకున్న ఒకామె, నీ నేత కంటే నా నేత బాగుంటుందని భయమా అని ఎత్తిపొడిచింది. ఆ ఎత్తిపొడుపుకే అక్క జీపెక్కింది. పడుగు విప్పేదాకా జీపు ముందుకు వచ్చే వీలు లేదు కాబట్టి, ఆమెను వీధి చివరిదాకా నలుగురు కుర్చీలో మోసుకొచ్చారు. మోసినంతసేపూ, గంజి పలచన చేయొద్దని ఆమె వెనక్కి తిరిగి చెబుతూనే ఉంది.

తిరుత్తణి ఆసుపత్రిలో చిటికెన వేలు తీసేశారు. కాలు నిలిచింది. మగ్గం తొక్కడానికి చిటికెన వేలు ఎన్నడూ పని చేయలేదని, ఊరికే తిని కూర్చునేదని అక్క అందరికీ చెప్పుకుంది. వ్యాను ఆ వీధికి వస్తూనే ఉంది, ఇప్పుడు పొద్దుగూకాక, మగ్గాలు ఆగే వేళకు. పూండి వైపుకు వేరే వ్యాను కోసం మేడం ఎవరెవరితోనో పోట్లాడి తెప్పించుకుందని విన్నాను. నడవలేనివాళ్ళ ఇంటికి నర్సమ్మ మాత్రలు తీసుకుపోయేది. మా వ్యానులో ఫ్యాను తీసేశారు. దానికి రిపేరు కారణమన్నారు. నేను నమ్మాను.

కాబట్టి పిల్లలూ, మీటింగు పెట్టే ముందు జనం చేతులు ఎక్కడ ఉంటాయో కనుక్కోండి. సభ అక్కడికే పోవాలి. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఉపన్యాసం అన్నాను గానీ, అంత పొడుగైనది కాదు. నాలుగు మాటలు. అవి కూడా అప్పటికప్పుడు తోచినవి. కళ్ళు చెమర్చడం గురించి ఖచ్చితంగా చెప్పలేను, పొద్దు ఎదురుగా ఉంది. కానీ ఆ నాలుగు మాటలే లేకపోతే ఆ పాదం బయటికి వచ్చేది కాదు. ఆ మాట మీద నేను నిలబడతాను.

ఇక్కడిదాకా రాసి, నర్సమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. ఆమె అంతా విని, నాకెందుకు చదివి వినిపిస్తావు, అక్కకు వినిపించి రా, అంది. ఆ గొంతు నాకు నచ్చలేదు. అయినా టౌను బస్సెక్కి పోయాను. అక్క మగ్గం మీదే ఉంది. గుంటలో రెండు కాళ్ళూ ఉన్నాయి. ఈసారి అడిగి మరీ చూశాను. చెప్పులు గుమ్మం బయటే వదిలి, గోడకానుకుని కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆమె నేస్తూనే వింది. నేను బూట్లు విప్పిన చోట పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఒకసారి ఆగింది. మళ్ళీ ఆడింది.

"అయిపోయిందా సారూ?"

"అయిపోయిందక్కా. ఎట్లుంది?"

"నువ్వు యాడ కూర్చున్నావు? పడినావు. బూట్లేసుకుని పడుగు మీదకే వస్తా ఉంటే నేను కేక పెట్టినా. ఎనక్కి ఎనక్కి నడిచి గంజి కుండలో కాలు పెట్టినావు. కుండా నువ్వూ ఒకటిగా దొర్లినారు."

"అది సరే. మరి నేను చెప్పిన మాటలు?"

"ఏం మాటలు? 'అమ్మో' అన్నావు. ఆ ఒక్కటి మాత్రం వీధంతా వినింది." ఆమె తెగిన పోగు ఒకటి వెతికి పట్టుకుని, ముడి వేసి, కొస కొరికి ఊసింది. "అందరి చేతుల్లో కర్రలు. వదిలేదానికి లేదు. నీకు దగ్గర్లో ఖాళీగా ఉండింది నా చేతులే. నిన్ను లేపాలని లేచినా, కాలు సంగతి మరిచిపోయినా. మేడం చూసేసింది. నువ్వు పడినావు, నేను లేచినా. అంతే. అది రాయి."